హెర్క్యులస్ ఎక్స్-1 చూడాలంటే మ్యాక్సీ సైటే, ఫిజిక్స్ స్టూడెంట్స్ వదలొద్దు

మ్యాక్సీ అంటే 2009 నుంచి స్పేస్ స్టేషన్ మీద ఉండి ఆకాశాన్ని ఎక్స్‌రేల్లో గమనిస్తున్న జపాన్ పరికరం, దాని లైట్ కర్వులన్నీ (రోజులు గడిచేకొద్దీ వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫులు) సైట్లో ఫ్రీ, తిరుపతి హాస్టల్ రూమ్‌లో ఫోన్ పట్టుకుని చూసుకోవచ్చు, యాడికీ పోనక్కర్లేదు.

నేను ఎక్కువగా తెరిచేది హెర్క్యులస్ ఎక్స్-1 పేజీ. 1.24 సెకన్లకోసారి తిరిగే న్యూట్రాన్ స్టార్ (పెద్ద నక్షత్రం చచ్చిపోయాక మిగిలే చిన్న గట్టి ముద్ద) అది, పక్క నక్షత్రం నుంచి లాక్కున్న గ్యాస్ దాని చుట్టూ డిస్క్‌లా తిరుగుతుంటుంది, ఆ డిస్క్ వంకరగా ఉండి మెల్లగా ఊగుతుంది కాబట్టి సుమారు 35 రోజులకోసారి వెలుగు పెరిగి తగ్గుతుంది. గ్రాఫ్ జూమ్ చేస్తే ఆ గుట్టలు వరసగా కనిపిస్తాయి, అబ్బ ఎంత బాగుంటుందో!

అసలు వింత ఏంటంటే 1983లో, 1993లో, 1999లో ఈ గుట్టలు నెలల తరబడి మాయమైపోయాయి. పల్సర్ (అంటే ఈ తిరిగే న్యూట్రాన్ స్టారే) ఆరిపోయిందా అంటే లేదు, ఎక్స్‌రేల వేడి తగిలి పక్క నక్షత్రం మామూలు టెలిస్కోపుల్లో ఎప్పట్లాగే మెరుస్తూనే ఉండింది, అంటే లోపల అంతా నడుస్తానే ఉంది, డిస్కే మనకి అడ్డం వచ్చేసింది. పైగా ఆ టైముల్లో పల్సర్ తిరిగే స్పీడు కూడా తగ్గింది, నాకైతే ఈ ముక్కే అన్నిటికంటే ఇష్టం.

మ్యాక్సీ రోజువారీ పాయింట్లకి ఎర్రర్ బార్లు (కొలత ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే గీతలు) కాస్త పెద్దవే, అందుకని నాసా స్విఫ్ట్ శాటిలైట్ మీదున్న బ్యాట్ అనే ఎక్స్‌రే పరికరం గ్రాఫ్ కూడా పక్కన పెట్టుకోండి. ఇది అలవాటయ్యాక 2015లో మన జిల్లా శ్రీహరికోట నుంచే ఎగిరిన మన దేశపు స్పేస్ టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ డేటా మీదికి పోండి.