ఫిగ్మా: కరెక్షన్లకు బాగుంది, ప్రింటుకు మాత్రం కోరల్ ఉండాల్సిందే

నల్గొండలో కూర్చుని బయటి పార్టీలకు (అంటే కస్టమర్లకు) పని చేసేవాళ్లకు డిజైన్ వేయడం కష్టం కాదు, కరెక్షన్లే కష్టం. వాట్సాప్‌లో జేపీజీ పంపిస్తే "ఆ పైన పువ్వు కొంచెం కిందికి" అని వాయిస్ మెసేజ్ వస్తుంది, పైన చూస్తే పువ్వులు నాలుగుంటాయి.

పోచంపల్లి చీరల షాపు ఒకటి క్యాటలాగు, చీర బాక్సు డిజైన్ ఇస్తే ఫిగ్మాలో చేశాం. నేను ఇక్కడ, మా పార్ట్‌నర్ మహబూబ్‌నగర్‌లో, ఓనర్ హైదరాబాద్‌లో. ఫిగ్మా అంటే డిజైన్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఇన్‌స్టాల్ చేసే పని లేదు. ఇద్దరం ఒకే ఫైలు తెరిస్తే అవతలి మనిషి మౌస్ బాణం పేరుతో సహా కదులుతూ కనిపిస్తుంది, నేను అంచు రంగు మారుస్తుంటే ఆయన అక్కడే రేటు ట్యాగ్ సరిచేస్తుంటాడు. కామెంట్ కూడా ఏ పువ్వు గురించి అయితే ఆ పువ్వు మీదే పెట్టొచ్చు, పని అయ్యాక రిజాల్వ్ కొట్టేస్తే కళ్ల ముందు నుంచి పోతుంది. నాకు ఈ ఒక్కటి చాలు. లింకు పంపితే ఓనర్ ఫోన్‌లోనే చూస్తారు, కాకపోతే కామెంట్ రాయాలంటే లాగిన్ అవ్వాలి, అంత ఓపిక ఆయనకు లేదు, ఫోనే చేస్తారు.

మధ్యలో నెట్ పోయినా తెరిచి ఉన్న ఫైలులో పని సాగుతుంది, నెట్ రాగానే కలిసిపోతుంది, ట్యాబ్ మూయకండి అంతే. ఉచిత ప్లాన్‌లో టీమ్‌కు 3 డిజైన్ ఫైళ్లే, పాత వెర్షన్లు 30 రోజుల వరకే.

ఇక ప్రింటు సంగతి. ఫిగ్మా పుట్టింది యాప్‌లు, వెబ్‌సైట్ల స్క్రీన్లు గీయడానికి, రంగులన్నీ ఆర్జీబీలోనే (స్క్రీన్ రంగుల పద్ధతి), సీఎంవైకే (ప్రింటు ఇంకుల పద్ధతి) లేదు. స్క్రీన్ మీద వెలిగిపోయే ఎరుపు ఆఫ్‌సెట్ ప్రింటులో మట్టి రంగుకు దిగుతుంది, చీర క్యాటలాగుకు అది చిన్న విషయం కాదు. అందుకే డిజైన్ ఓకే అయ్యాక పీడీఎఫ్ తీసి, ప్రింటు డిజైన్లకు వాడే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో రంగులు సీఎంవైకేకు మార్చుకున్నాకే ప్రెస్సుకు ఇస్తున్నాం. తెలుగుకు రామభద్ర, మండలి, సూరన్న లాంటి గూగుల్ ఫాంట్లు రెడీగా ఉంటాయి. అను అనే పాత తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసి పెట్టుకున్న మ్యాటర్ యూనికోడ్ (ఫోన్లు, వెబ్‌సైట్లు వాడే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి, మార్చకుండా పేస్ట్ చేస్తే పిచ్చి గీతలే వస్తాయి.

దూరం పార్టీలు, ఇద్దరు ముగ్గురు కలిసి చేసే పని ఉంటే కళ్లు మూసుకుని వాడొచ్చు. ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు చేసే షాపుకైతే అక్కర్లేదు, పార్టీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు కదా.