స్పానిష్‌లో లైన్ వేయడానికి ఏ మాట మేలు? లిగార్, ఎచార్ లోస్ పెర్రోస్, మే గుస్తాస్

స్పానిష్ నేర్చుకునే మనవాళ్ళకి యాప్‌లు ఎంతసేపూ హోటల్లో రూమ్ అడగడమే నేర్పిస్తాయి, నచ్చినవాళ్ళతో ఎలా మాట్లాడాలో చెప్పవు. పైగా ఆ మాటలు దేశానికో రకం.

స్పెయిన్‌లో ఎక్కువగా వినబడేది లిగార్. రాత్రి పార్టీకి వెళ్ళొచ్చినవాణ్ణి పొద్దున ఫ్రెండ్స్ "లిగాస్తే అనోచే?" అని అడిగితే "ఏరా, రాత్రి ఎవరైనా పడ్డారా?" అన్నట్టే. తిరార్ లోస్ తేఖోస్ అని ఇంకోటుంది, తేఖో అంటే ఆటలో విసిరే బిళ్ళ, అంటే బిళ్ళలు విసరడం అన్నమాట. ఇది అచ్చంగా మన లైన్ వేయడమే, అవతలివాళ్ళు పడ్డారా లేదా అన్నది వేరే విషయం, అందుకే వారమంతా తేఖోస్ విసిరినా లిగార్ అవ్వకపోవచ్చు.

మెక్సికో, కొలంబియా, వెనిజులా వైపు ఎచార్ లోస్ పెర్రోస్, అంటే కుక్కల్ని వదలడం. వినడానికి మొరటుగా ఉన్నా అక్కడ రోజూ వాడే మాటే. అర్జెంటీనావాళ్ళ చాముషార్ అయితే నాకు భలే ఇష్టం, ఎందుకంటే అది మన పులిహోర కలపడమే, తీపి మాటలు, కాస్త అబద్ధం, బోలెడంత బిల్డప్!

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇవన్నీ ఫ్రెండ్స్ మధ్య వాళ్ళ గురించీ వీళ్ళ గురించీ చెప్పుకునే మాటలు, అమ్మాయి ఎదురుగా నిలబడి "నీకు లైన్ వేస్తున్నా" అని ఎవరూ అనరు కదా. నేరుగా చెప్పడానికి నా ఓటు మే గుస్తాస్‌కే, అంటే "నువ్వు నాకు నచ్చావు" అని. ఏ దేశంలోనైనా చెల్లుతుంది, పైగా తెలుగువాళ్ళకి చాలా ఈజీ, ఎందుకంటే "నాకు నచ్చావు"లో క్రియ నువ్వుతో ఎలా నడుస్తుందో గుస్తాస్ కూడా అలాగే నడుస్తుంది, ఇంగ్లీష్ మీదుగా నేర్చుకునేవాళ్ళు తికమకపడే చోట మనం హాయిగా దాటేస్తాం.

అయితే మే కాఎస్ బియెన్‌తో మాత్రం జాగ్రత్త. దానికీ "నువ్వు నచ్చావు" అనే అర్థం చెప్తారు గానీ అది మనిషిగా నచ్చడం, ఫ్రెండ్‌షిప్ వరకే. మీరు మే గుస్తాస్ అన్నాక అవతల నుంచి మే కాఎస్ బియెన్ అని వస్తే ఇక లాగకండి.

కొన్నాళ్ళు తిరిగాక "నువ్వంటే ప్రేమ" అని చెప్పడానికి రెండు మాటలున్నాయి, తే కియేరోనా, తే ఆమోనా అంటే ముందు తే కియేరోనే బెటర్. అమ్మకీ ఫ్రెండ్‌కీ లవర్‌కీ అందరికీ సరిపోతుంది, వెచ్చగా ఉంటుంది, బరువుగా ఉండదు. తే ఆమో అంతకంటే పెద్ద మాట, ముఖ్యంగా స్పెయిన్‌లో, పరిచయమైన కొత్తలోనే అనేస్తే అవతలివాళ్ళు కంగారుపడతారు.

ఒకవేళ కుదరకపోతే స్పెయిన్‌లో "గుమ్మడికాయలు ఇచ్చింది" అంటారు, దార్ కలబాథాస్. మెక్సికోలో అయితే మే బాతెయో, బ్యాట్‌తో కొట్టి పంపించేసింది అని.