వ్యాక్స్‌కి ముందు క్లే బారా, ఐరన్ రిమూవరా, పాలిషా: ఏది మేలు?

కారుకి పూసే వ్యాక్స్ డబ్బా కొనేసి ఆదివారం పొద్దున్నే రుద్దడం మొదలుపెట్టేవాళ్లు ముందు ఒక పని చేయండి. కారు షాంపూతో కడిగి ఆరాక, చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. కంటికి తళతళలాడుతున్న కారే, కవర్‌లోంచి మాత్రం గరుకు కాగితంలా తగులుతుంది. దాని మీదే వ్యాక్స్ పూస్తే అది సరిగ్గా పట్టుకోదు, ఎక్కువ రోజులు నిలవదు.

ఆ గరుకుకి అసలు మందు క్లే బార్. చూడ్డానికి చపాతీ పిండి ముద్దలా ఉంటుంది. సగం తుంచి వేళ్లతో వెడల్పుగా ఒత్తి, పెయింట్ మీద షాంపూ నీళ్లు ధారాళంగా కొట్టి, నొక్కకుండా అటూ ఇటూ జరుపుతూ పోవాలి. మొదట్లో సర్రు సర్రుమని చప్పుడు వస్తుంది, కాసేపటికి అది ఆగిపోయి ముద్ద జారిపోతూ ఉంటుంది, అంటే అక్కడ పనైపోయింది, ముద్ద మడతపెట్టి శుభ్రమైన వైపుతో పక్కకి వెళ్లొచ్చు. చెట్టు జిగురు, ఎక్కడో పెయింటింగ్ జరుగుతుంటే వచ్చి పడిన తుంపర, అన్నీ లేస్తాయి. కింద పడితే మాత్రం ఆ ముద్ద చెత్తబుట్టకే. నాలుగొందలు పెట్టి కొన్నానని పిసినారితనంతో నేను కడిగి మళ్లీ వాడా, అందులో ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు డ్రైవర్ డోర్ మీద జానెడు గీత పెట్టింది.

ఇక ఐరన్ రిమూవర్, అంటే ఇనప రజనుని కరిగించే స్ప్రే. తెల్ల కారు మీద సన్నటి గోధుమరంగు చుక్కలు కనిపిస్తే, అయ్యో కారు తుప్పు పట్టేసిందని టెన్షన్ పడతారు. చాలాసార్లు అది కారు తుప్పు కాదు, బ్రేకుల నుంచో రైలు పట్టాల వైపు నుంచో ఎగిరొచ్చిన ఇనప రజను పెయింట్‌లో గుచ్చుకుని తుప్పు పట్టడం. మా కాజీపేటలో పట్టాల పక్కన కారు పెట్టుకునేవాళ్లకి ఇది బాగా తెలుసు. నీడలో, చల్లగా ఉన్న కారు మీద కొడితే రెండు మూడు నిమిషాల్లో ఇనుము ఉన్నచోటల్లా ఊదారంగు ధారలు కారతాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన, భరించాలి. ఆరిపోకముందే కడిగేయాలి. రుద్దే పని లేదు కాబట్టి గీతలు పడే భయం తక్కువ, అదే దీని గొప్ప. కానీ తారు, జిగురు, సిమెంట్ దగ్గర ఇదేమీ చేయలేదు, అందుకే క్లేకి బదులు కాదు. క్లే కంటే ముందు కొడితే మాత్రం రుద్దుడు సగానికి తగ్గుతుంది.

పాలిష్ కథ వేరు. క్లే అయితే పెయింట్ మీద అంటుకున్నది తీస్తుంది, పాలిష్ పెయింట్‌నే కొద్దిగా చెక్కుతుంది. రంగు పైనుండే పారదర్శక పొర, క్లియర్ కోట్, మామూలుగా 40, 50 మైక్రాన్లు, అంటే వెంట్రుకంత మందం కూడా కాదు, కాబట్టి ఏటా రెండుసార్లు కాంపౌండ్ (ముతక పాలిష్) కొట్టించుకునే సరదా వద్దు. రాత్రి ఫోన్ టార్చ్ వేస్తే సాలెగూడులా గుండ్రటి గీతలు కనబడితేనే (రోజూ పొడిగుడ్డతో దుమ్ము దులిపించే కార్లన్నీ ఇంతే) దాని అవసరం. ఒక షాపులో మెషిన్ పాలిష్ చేయించా, అద్దంలా ఇచ్చారు, నాలుగు వాష్‌లకి పాత గీతలన్నీ మళ్లీ తేలాయి. గీతలు పోలేదు, పాలిష్‌లోని నూనెలు వాటిని కప్పాయంతే.

మరి ఏది మేలంటే, నా లెక్క కారు రంగుని బట్టి. తెలుపు, సిల్వర్ అయితే ఐరన్ రిమూవర్, తర్వాత క్లే, నేరుగా వ్యాక్స్. పాలిష్ డబ్బులు మిగుల్చుకోండి. నలుపు, ముదురు నీలం కార్ల మీద ఎంత జాగ్రత్తగా చేసినా క్లే సన్నటి మసక గీతలు వదులుతుంది, ఎండలో అవి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అందుకని క్లే చేస్తే వెనకే తేలికపాటి పాలిష్ కూడా చేయాల్సిందే. అంత ఓపిక లేదా, క్లే జోలికే పోకండి, ఐరన్ రిమూవర్ కొట్టి కడిగి వ్యాక్స్ పూసేయండి.

బోరు నీళ్ల తెల్లమచ్చలు వీటిలో దేనికీ సరిగ్గా లొంగవు. వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డతో ఒక్క నిమిషం అద్ది కడిగేయండి. అప్పటికీ పోకపోతే మచ్చ పెయింట్‌ని తినేసినట్టే, అప్పుడే పాలిష్.

కొత్త కారే కదా అనుకునేవాళ్లు కూడా ఒకసారి కవర్ తొడుక్కుని చూడండి. షోరూమ్‌కి వచ్చేలోపు అది రైల్లోనో ట్రైలర్ మీదో ప్రయాణించి, యార్డులో ఎండకీ దుమ్ముకీ నిలబడి వచ్చిందే.