హాల్‌కి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదవండి: మా బొమ్మల ప్రదర్శనలో జరిగింది

హాల్ చూసి నచ్చిందని అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టేయకండి. మేం అదే చేశాం, అందుకే ఇది రాస్తున్నాను.

బొమ్మలు వేసేవాళ్లం 30 మందిమి కలిసి, సొంత డబ్బులు వేసుకుని రెండు రోజుల ప్రదర్శన పెట్టుకున్నాం. స్కూల్లో చదివే పిల్లల నుంచి రిటైరైనవాళ్ల దాకా ఉన్నాం. చాలామందికి తమ బొమ్మ నలుగురి ముందు పెట్టడం అదే మొదటిసారి. స్పాన్సర్లు ఎవరూ లేరు. మా ఖర్చులో సగం పైగా హాల్ అద్దెకే పోయింది. హాల్ పేరు రాయడం లేదు. మేం ఎక్కడ పొరపాటు పడ్డామో తెలిస్తే, మీరు ఏ హాల్‌కి వెళ్లినా పనికొస్తుంది.

మేం వెళ్లి చూసింది రాత్రి ఏడు గంటలకు. లైట్లన్నీ వేసి ఉన్నాయి, తెల్లటి గోడలు, ఒకవైపు పొడవునా అద్దాల కిటికీలు. చాలా బాగుందనిపించింది. మేనేజర్ కూడా మర్యాదగా మాట్లాడాడు. "రెండు రోజులూ గోడలన్నీ మీవే, ఎలా కావాలంటే అలా పెట్టుకోండి" అన్నాడు. ర్యాంప్ ఉందా అంటే ఉందన్నాడు. ముందు రోజు వచ్చి సర్దుకోవచ్చా అంటే "చూద్దాం లెండి" అన్నాడు. ఆ "చూద్దాం లెండి"ని మేం సరే అన్నట్టుగా తీసుకున్నాం.

తీరా ప్రదర్శన రోజు పొద్దున వెళ్తే తాళం పది గంటలకు గానీ తీయలేదు. ప్రారంభం 11కి. మా దగ్గర 80 బొమ్మలున్నాయి. ఒక బొమ్మకు కొలత చూసి, వంకర లేకుండా సరిచేసి, పేరు చీటీ అంటించడానికి ఇద్దరికి పది నిమిషాలు పడుతుంది. నాలుగు జట్లుగా విడిపోయి చేసినా మూడు గంటలు దాటుతుంది. మాకిచ్చింది గంట.

ఇంతలో వాచ్‌మన్ వచ్చి గోడకు మేకు కొట్టకూడదు, టేపు కూడా అంటించకూడదు అన్నాడు. మేనేజర్‌కి ఫోన్ చేస్తే "గోడలు మీవే అన్నాను కానీ మేకులు కొట్టమనలేదు కదా" అన్నాడు. కాగితం మీద ఏమీ లేదు, ఇంక ఏం వాదిస్తాం? వెనక గోడకు ముందు నుంచే ఉన్న మేకులకు కొన్ని తగిలించాం, కిటికీ ఊచలకు తాళ్లు కట్టి కొన్ని వేలాడదీశాం, మిగతావి కుర్చీలకు ఆనించాం. తన బొమ్మ కుర్చీ కాళ్ల దగ్గర ఉండటం చూసి ఒక అబ్బాయి వాళ్ల అమ్మ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. నాకు ఇప్పటికీ ఆ ముఖమే గుర్తొస్తుంది.

మధ్యాహ్నం మూడింటికి అసలు సంగతి తెలిసింది. ఆ అద్దాల కిటికీలు పడమటి వైపువి. ఎండ నేరుగా వచ్చి నీటిరంగుల బొమ్మల మీద పడింది, కర్టెన్లు లేవు. మ్యూజియంలలో కాగితం మీద వేసిన నీటిరంగుల బొమ్మలకు వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే యూనిట్) దాటకుండా చూసుకుంటారు. నేరుగా పడే ఎండ 1,00,000 లక్స్ దాకా ఉంటుంది. వెలిసిపోయిన రంగు మళ్లీ రాదు. ఆ నష్టం ఒక్క రోజులో కంటికి కనపడదు, కొంచెం కొంచెంగా పోగవుతుంది. భయపడి 20 బొమ్మలు తీసి లోపల పెట్టేశాం. వాటిని చూద్దామని వచ్చినవాళ్లు చూడకుండానే వెళ్లిపోయారు.

వెనక గోడకు తగిలించినవి బాగున్నాయనుకున్నాం. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉందని అప్పటికి తెలియదు. రెండో రోజు పొద్దుటికి మూడు బొమ్మల కాగితం చెమ్మకు అలలు తేలింది. కొత్తగా వేసిన సున్నం కింద చెమ్మ కనపడదు. గోడ మీద అరచేయి ఆనించి చూడండి, మూలల్లో పెచ్చులు, మరకలు ఉన్నాయేమో వెతకండి, గోడకు అవతల ఏముందో అడగండి.

కరెంటు కూడా ఇబ్బంది పెట్టింది. ప్రొజెక్టర్, నాలుగు పెద్ద లైట్లు ఒకే లైన్ మీద పెట్టేసరికి రెండుసార్లు ట్రిప్ అయింది. ఎన్ని లైన్లున్నాయి, ఒక్కోటి ఎన్ని ఆంపియర్లది అని అడగండి. ఆంపియర్లను వోల్టులతో హెచ్చిస్తే ఆ లైన్ మోయగలిగే వాట్లు వస్తాయి. మీ సామాను మొత్తం వాట్లు దానికి బాగా లోపల ఉండాలి.

ఇవన్నీ ఒక ఎత్తు, ర్యాంప్ ఒక్కటీ ఒక ఎత్తు. మా 30 మందిలో ఒకావిడ వీల్‌చెయిర్‌లో వస్తారు. గుమ్మం ముందు మూడు మెట్లు, ఒక్కోటి ఆరు అంగుళాలు. మేనేజర్ చెప్పిన ర్యాంప్ సామాను ఎక్కించడానికి వాడే చెక్క. చక్రాల కుర్చీకి అంగుళం ఎత్తుకు కనీసం 12 అంగుళాల పొడవు వాలు కావాలి. అంటే ఆ మెట్లకు 18 అడుగుల ర్యాంప్ ఉండాలి, అది ఆరడుగులు కూడా లేదు. నలుగురం కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్లాం. ఆవిడ ఏమీ అనలేదు. రెండో రోజు రాలేదు. ఆవిడ బొమ్మ చూడటానికి వచ్చిన చుట్టాలకు ఏం చెప్పాలో మాకు తెలియలేదు. "ర్యాంప్ ఉంది" అన్న మాట నమ్మి, వెళ్లి కళ్లతో చూడకపోవడం మా తప్పే. అది మేనేజర్ మీదికి నెట్టను.

చివరికి డిపాజిట్‌లో మూడో వంతు కోశారు. నేల మీద గీతలు పడ్డాయట. ఆ గీతలు మేం వెళ్లేటప్పటికే ఉన్నాయి, కానీ ఫోటోలు తీసుకోలేదు కాబట్టి నిరూపించలేకపోయాం. తాళం చేతికి వచ్చిన నిమిషంలోనే నేల, గోడలు, తలుపులు, స్విచ్‌లు అన్నీ వీడియో తీసి, అక్కడే వాళ్లకు పంపేయండి.

ఇప్పుడు ఎవరైనా హాల్ మాట్లాడుతుంటే నేను చెప్పేది ఇదీ. మీ ప్రదర్శన ఏ వేళల్లో ఉంటుందో ఆ వేళల్లోనే వెళ్లి చూడండి, కుదిరితే మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. గోడకు ఎలా తగిలించవచ్చు, తాళం ఎప్పుడు ఇస్తారు, సర్దుకునే గంటలకూ అద్దె ఉందా, రద్దయితే ఎంత తిరిగి ఇస్తారు, డిపాజిట్ దేనికి కోస్తారు, ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కనీసం మెసేజ్‌లోనైనా పెట్టి అవునని జవాబు తెప్పించుకోండి. "చూద్దాం", "సర్దుకుందాం" అంటే లేదనే అనుకోండి. రాసివ్వడానికి ఇష్టపడకపోతే హాల్ ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. మేకులు వద్దంటే మడత స్టాండ్లు అద్దెకు తెచ్చుకోవచ్చు, కానీ ఆ సంగతి ముందే తెలియాలి.

మేం మళ్లీ హాల్ వెతకడం మొదలుపెట్టాం. ఆవిడకు ఫోన్ చేసి క్షమించమని అడిగాం, ఈసారి చూడటానికి మాతో పాటు రమ్మన్నాం. వస్తానన్నారు. ఆవిడ ఎవరి సాయం లేకుండా లోపలికి వెళ్లి బయటికి వచ్చాకే అడ్వాన్స్ గురించి మాట్లాడతాం.