కుర్చీల మ్యూజియంలో కూర్చునే చోటేదీ?

"ఇన్ని కుర్చీలు పెట్టారు, కూర్చోడానికి ఒక్కటీ లేదేంట్రా?" అంది అమ్మ. మోకాళ్ల నొప్పులతో ఉన్న మనిషి, అడిగింది న్యాయమే.

2025లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉన్న చెల్లి దగ్గరికి వెళ్లాం. సరిహద్దు దాటగానే జర్మనీలో వైల్ ఆమ్ రైన్ అనే చిన్న ఊరు, అక్కడే విట్రా అనే ఫర్నిచర్ కంపెనీ క్యాంపస్. బాసెల్‌లోని బాడిషర్ రైల్వే స్టేషన్ దగ్గర 55వ నంబరు బస్సెక్కితే విట్రా స్టాపులో దింపుతుంది. 8వ నంబరు ట్రామ్ కూడా ఉంది గానీ దిగాక చాలాసేపు నడవాలి. పెద్దవాళ్లుంటే బస్సే మేలు. సరిహద్దులో మమ్మల్ని ఎవరూ ఆపలేదు, అయినా పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి.

చెల్లిది ఒంటిగది ఇల్లు కాబట్టి హోటల్లో దిగాం. లిఫ్టు ఉందని రాశారు. ఉంది, పన్నెండు మెట్లెక్కాక! అమ్మకు అక్కడే సగం ఓపిక అయిపోయింది. ఒక్కటి బాగుంది: బాసెల్ హోటళ్లలో దిగినవాళ్లకు ఇచ్చే కార్డుతో ఊళ్లో బస్సులు, ట్రాములు ఉచితం.

క్యాంపస్‌లో మేం చూసింది షౌడెపో, అంటే విట్రా డిజైన్ మ్యూజియం కుర్చీల్ని ప్రదర్శనకు పెట్టిన భవనం. 2016లో హెర్జోగ్, ద మ్యూరాన్ అనే ఆర్కిటెక్టులు కట్టిన, కిటికీల్లేని ఇటుక గోదాము. చేత్తో విరగ్గొట్టిన ఇటుకల గరుకు వైపు బయటికి పెట్టి కట్టారు. లోపల ఆ రోజుల్లో సైన్స్ ఫిక్షన్ డిజైన్ ప్రదర్శన నడుస్తోంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది డిజైనర్ యోరిస్ లార్మన్ చేసిన అల్యూమినియం కుర్చీ. త్రీడీ ప్రింటింగ్‌లో చేసింది. బరువు పడేచోట లోహపు గళ్లు దట్టంగా, పడనిచోట పలచగా ఉంటాయి. దూరం నుంచి నురగలా కనిపిస్తుంది. అమ్మకు నచ్చింది ఆంద్రెస్ రైసింగర్ డిజైన్ చేసిన హోర్టెన్సియా. వేల గుడ్డ రేకులు అతికించిన గులాబీరంగు కుర్చీ. మొదట కంప్యూటర్ బొమ్మ మాత్రమేనట. ఆన్‌లైన్లో చూసినవాళ్లు కొంటామని అడిగితే, అప్పుడు నిజంగా చేశారు. "పెళ్లి మండపం వెనక పూల తెరలా ఉంది" అంది అమ్మ. ఆ మాట విన్నాక నాకూ అలాగే కనిపించింది.

నా మటుకు నాకు 1960లనాటివే ఎక్కువ నచ్చాయి. ఒలివియే మూర్గ్ చేసిన జిన్ కుర్చీలు అలల్లా వంపులు తిరిగి, నేలకు దగ్గరగా ఉంటాయి. అప్పటివాళ్లు భవిష్యత్తును సరదాగా ఊహించుకున్నారనిపించింది. కొత్తవాటిలో కొన్ని మాత్రం కుర్చీలకంటే సాఫ్ట్‌వేర్ డెమోల్లా అనిపించాయి.

సమయముంటే ఆర్కిటెక్ట్ జాహా హదీద్ కట్టిన ఫైర్ స్టేషన్ (1993) కూడా చూడండి, కానీ దాన్ని గైడెడ్ టూర్‌లోనే చూపిస్తారు. ముందే బుక్ చేసుకోక మేం పోగొట్టుకున్నాం.

చివరికి విట్రాహౌస్‌కు వెళ్లాం. అది షోరూము, ప్రవేశం ఉచితం, కుర్చీల్లో కూర్చోవచ్చు. అమ్మ ఈమ్స్ దంపతులు డిజైన్ చేసిన లాంజ్ చెయిర్‌లో వాలి కాళ్లు చాపి కళ్లు మూసుకుంది. పది నిమిషాలయ్యాక "ఇది ఎంతట్రా?" అంది. ధర చీటీ రూపాయల్లోకి మార్చి చెప్పాను. వెంటనే లేచి, కూర్చున్నచోట ఏమైనా నలిగిందేమోనని చేత్తో సర్దింది.