డ్రిఫ్ట్ బోట్‌కి మోటారు: నిలకడ నీటిలో సుఖం, రాపిడ్‌లో బరువు

డ్రిఫ్ట్ బోట్ అంటే నది ప్రవాహంలో తెడ్లతో నడిపే పడవ. అలాంటి 16 అడుగుల అల్యూమినియం బోట్‌కి 4 హెచ్‌పీ ఫోర్ స్ట్రోక్ మోటారు బిగించి చాలాకాలంగా వాడుతున్నాను. తెడ్లు మానేయొచ్చనుకుని కొనేవాళ్లు మాత్రం ఆగండి.

ఈ పడవ అడుగు రెండు చివర్లా పైకి వంగి ఉంటుంది. పొడవు 16 అడుగులైనా నీటికి ఆనేది సుమారు 12. నీటికి ఆనే పొడవే ఇలాంటి పడవ వేగానికి హద్దు పెడుతుంది. ఆ లెక్కన గంటకు ఎనిమిదిన్నర కిలోమీటర్లు దాటాక ఎంత త్రాటిల్ తిప్పినా వెనక కుంగడమే తప్ప వేగం పెరగదు. 10 హెచ్‌పీ పెడితే పెట్రోలు దండగ.

రాపిడ్‌లో, అంటే రాళ్ల మధ్య నీరు వడిగా దూకే చోట, తెడ్లదే రాజ్యం. పడవ వెనక కొసను వెళ్లాల్సిన ఒడ్డు వైపు ఏటవాలుగా తిప్పి, ప్రవాహానికి ఎదురు లాగితే వేగం తగ్గుతుంది, రాయి తప్పించడానికి సమయం దొరుకుతుంది. మోటారుతో నడిపేటప్పుడు మాట వినాలంటే పడవ నీటికన్నా వేగంగా పోవాలి. అంటే అదే రాయి ఇంకా త్వరగా ఎదురొస్తుంది! రివర్స్‌ని నమ్ముకోవద్దు, తోపు చాలదు.

అసలు చిక్కు బరువుతో. మోటారు పాతిక కిలోలపైన, హ్యాండిల్ పట్టుకునే మనిషి 75. వంద కిలోలు వెనక చేరితే ముందు కొస గాలిలోకి లేస్తుంది, పక్కగాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తుంది. హ్యాండిల్‌కి పొడుగు గొట్టం తగిలించి మధ్యకు జరిగి కూర్చోండి, సామాను ముందుకు నెట్టండి.

షాఫ్ట్ అంటే మోటారు నుంచి ప్రొపెల్లర్ దాకా దిగే కాడ. దాని పొడవు ఎంచుకునేముందు మోటారు బిగించే పలక పై అంచు నుంచి అడుగు దాకా కొలవండి. 15 అంగుళాలైతే షార్ట్, 20 అయితే లాంగ్. ప్రొపెల్లర్ పైనున్న ప్లేటు పడవ అడుగుకి ఓ అంగుళం కింద ఉండాలి. పైకుంటే ప్రొపెల్లర్ గాలి పీల్చి, ఇంజన్ అరుస్తుంది గానీ పడవ కదలదు. లంగరును వేలాడదీసే చెయ్యి కూడా ఆ పలక మీదే ఉంటుంది కాబట్టి మోటారు పైకెత్తినప్పుడు తగులుతుందేమో ముందే చూసుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా లంగరు వదలొద్దు, తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది.

రాపిడ్ కనిపించగానే ఇంజన్ ఆపి, పైకెత్తి లాక్ వేయాలి. తెడ్లు ఎప్పుడూ ఓర్‌లాక్‌ల్లోనే (తెడ్డును పట్టి ఉంచే కొక్కేలు) ఉంచండి. ప్రొపెల్లర్‌కి రాయి తగిలితే దాన్ని ఇరుసుకి పట్టి ఉంచే షియర్ పిన్ తెగుతుంది. గేర్లను కాపాడటానికే ఆ ఏర్పాటు. రెండు మూడు పిన్నులు, ప్రొపెల్లర్ ఊడిపోకుండా పట్టే కాటర్ పిన్ను, ప్లయర్ మోటారు కవర్ లోపల టేపుతో అంటించి పెట్టండి. ఇసుక నీటిలో నడిపితే ఇంజన్‌ని చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు చక్రం (ఇంపెల్లర్) అరుగుతుంది. మోటారు పక్కనుంచి చిమ్మే నీటిధార సన్నబడిందంటే దాని ఆయువు తీరుతుండొచ్చు.