చెడిపోతున్న లాప్‌టాప్ హార్డ్ డిస్కుపై డీడీరెస్క్యూ: ఏళ్ల వాడకం తర్వాత

లాప్‌టాప్ హార్డ్ డిస్కు చెడిపోవడం మొదలైనప్పుడు అందులోని ఫైళ్లను బయటికి తీయడానికి నేను ఏళ్ల తరబడి నమ్ముకుని వాడుతున్న ప్రోగ్రాం జీఎన్‌యూ డీడీరెస్క్యూ. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ఈ ఉచిత ప్రోగ్రాం 2004 నుంచి అందుబాటులో ఉంది. విశాఖపట్నంలో మా కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది కావడం వల్ల సహోద్యోగులు, విద్యార్థులు, ఎంవీపీ కాలనీలోని మా వీధివారు, వారి బంధువులు తెచ్చిన డిస్కుల మీద దీన్ని వాడే అవకాశం తరచుగా కలిగింది. తెచ్చినవన్నీ దక్కలేదు. దక్కినవాటిలో ఎక్కువ భాగం మాత్రం ఈ ప్రోగ్రాం పనిచేసే క్రమం వల్లనే దక్కాయని నా గట్టి నమ్మకం.

ఆ క్రమం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే డిస్కు లోపల జరిగేది కొంత తెలియాలి. లాప్‌టాప్ డిస్కులలోని పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. వాటిని చదివే హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో మాత్రమే తేలుతూ ఉంటుంది. ఏదైనా సెక్టార్, అంటే డేటా రాసే అతి చిన్న గడి, చదవడం కష్టమైతే డిస్కు తనంతట తానే దాన్ని పదేపదే చదవబోతుంది, ఆ ఒక్క సెక్టార్ దగ్గరే అనేక సెకన్లు గడిచిపోతాయి. విండోస్‌లో ఒక ఫోల్డర్‌ను కాపీ చేయబోతే అది మొదట ఎదురైన చెడ్డ చోటే చిక్కుకుపోతుంది. ఆ వెనుక చక్కగా చదవగలిగిన వందల గిగాబైట్లు ఎదురుచూస్తుండగా, అప్పటికే నీరసించిన హెడ్లు చదవలేని చోటనే అరిగిపోతుంటాయి. డిస్కుకు మిగిలిన ఆయుష్షు ఎంతో ఎవరికీ తెలియదు కనుక, ఆ ఆయుష్షును ముందుగా మంచి భాగాల మీద ఖర్చు చేయాలి. డీడీరెస్క్యూ సరిగ్గా అదే చేస్తుంది.

మొదటి దశలో అది సులువుగా చదవగలిగినదంతా వేగంగా కాపీ చేసుకుంటూ పోతుంది. చెడ్డ చోటు తగిలితే అక్కడ ఆగకుండా ముందుకు దూకుతుంది, చెడు కొనసాగుతుంటే ఇంకా పెద్ద దూకు వేస్తుంది. తర్వాత వ్యతిరేక దిశలో వచ్చి, దూకేసిన భాగాలను రెండో వైపు నుంచి చదువుతుంది. ఇదంతా పూర్తయ్యాకే చెడ్డ ప్రాంతాల అంచులను కత్తిరించుకుంటూ వస్తుంది, ఆపైన మిగిలిన ముక్కలను సెక్టార్ తర్వాత సెక్టార్‌గా గీరి తీస్తుంది. చివరికీ లొంగని సెక్టార్లను మనం కోరితేనే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ పనినంతటినీ అది మ్యాప్‌ఫైల్ అనే చిన్న టెక్స్ట్ ఫైలులో రాసిపెట్టుకుంటుంది. ఏ భాగం వచ్చింది, ఏది రాలేదు, ఏది ఇంకా ముట్టుకోలేదు అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. నా దృష్టిలో ఈ ప్రోగ్రాం గొప్పతనమంతా ఆ మ్యాప్‌ఫైలులోనే ఉంది. పని మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కిందని ఆపినా, కేబుల్ మార్చినా, మరో కంప్యూటర్‌కు తగిలించినా, అదే కమాండ్‌ను మళ్లీ ఇస్తే వచ్చినదాన్ని తిరిగి చదవకుండా మిగిలిన చోటి నుంచే మొదలుపెడుతుంది. వేసవి మధ్యాహ్నాలలో కరెంటు పోతూ వస్తూ ఉన్న రోజుల్లో కూడా పెద్ద డిస్కులను పూర్తి చేయగలిగానంటే కారణం ఇదే.

దీని విలువ నాకు పూర్తిగా అర్థమైంది ఒక పరిశోధక విద్యార్థిని తెచ్చిన 1 టెరాబైట్ డిస్కుతో. ఆమె ఉత్తరాంధ్ర గ్రామాలలో తిరిగి జముకుల కథలను, తప్పెటగుళ్ల ప్రదర్శనలను రికార్డు చేసిన ఆడియో, వీడియో అంతా అందులోనే ఉంది. లాప్‌టాప్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోందని, ఫోల్డర్ తెరిస్తే తెర బిగుసుకుపోతోందని ఆమె చెప్పింది. అంతకు ముందు చూపించిన ఒక దుకాణంలో “ఫార్మాట్ కొడితే బాగైపోతుందమ్మా” అన్నారట. ఆమె ఆ మాట వినకుండా వచ్చేయడమే ఆ రికార్డింగులను కాపాడింది. “ఒక్కసారి విండోస్‌లో ఆన్ చేసి, ముఖ్యమైనవి మాత్రం లాగేద్దామా మాస్టారూ?” అని ఆమె అడిగితే వద్దన్నాను. విండోస్ తెరుచుకునేటప్పుడే డిస్కు మీద ఎన్నో చోట్ల రాస్తుంది. పైగా విండోస్‌లోని డిస్కు తనిఖీ ప్రోగ్రాం చెక్‌డిస్క్ దానంతట అది మొదలైతే మరింత నష్టం. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టంను, అంటే డిస్కులో ఫైళ్ల అమరికను, పొందికగా నిలబెట్టడం, అందుకోసం చదవలేని నమోదులను తీసివేయడానికి కూడా అది వెనుకాడదు. ఆరోగ్యంగా ఉన్న డిస్కు మీద అది ఉపయోగకరమే. చెడిపోతున్న డిస్కు మీద, ఇమేజ్ (డిస్కు మొత్తానికి యథాతథ కాపీ) తీయకముందు, దాన్ని నడపనే కూడదు.

డిస్కును లాప్‌టాప్ నుంచి తీసి, ల్యాబ్‌లోని డెస్క్‌టాప్‌కు నేరుగా సాటా కేబుల్‌తో తగిలించి, సిస్టంరెస్క్యూ అనే లినక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరిచాను. యూఎస్‌బీ అడాప్టర్‌తోనూ పని జరుగుతుంది కానీ, చెడ్డ సెక్టార్ల దగ్గర చాలా అడాప్టర్లు బిగుసుకుపోయి డిస్కునే కనబడకుండా చేస్తాయి. కనుక వేరే దారి లేనప్పుడే వాటిని వాడతాను. తర్వాత స్మార్ట్‌సీటీఎల్ అనే ప్రోగ్రాంతో డిస్కు స్వయంగా రాసుకున్న ఆరోగ్య వివరాలు (వీటినే స్మార్ట్ అంటారు) చూశాను. అందులో నేను ముందుగా చూసేవి నాలుగు: 5వ అంశం డిస్కు ఇప్పటికే పక్కనపెట్టి వేరే చోటికి మార్చిన సెక్టార్ల సంఖ్య, 197 చదవలేక అనుమానంలో ఉంచిన సెక్టార్ల సంఖ్య, 198 పరీక్షలో సరిదిద్దలేకపోయినవి, 199 కేబుల్ మీద దొర్లిన తప్పులు. 199 ఒక్కటే పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడాలి, డిస్కు నిక్షేపంగా ఉండవచ్చు. ఈమె డిస్కులో 197 బాగా పెరిగి ఉంది. అయినా పైన మొత్తం ఫలితం మాత్రం ‘పాస్’ అనే చూపించింది. ఆ ఒక్క మాటను చూసి ఎవరూ ధైర్యం తెచ్చుకోవద్దు. గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కులలో 56 శాతానికి పైగా వాటిలో, ఆ అధ్యయనం ముఖ్యమైనవిగా ఎంచిన నాలుగు స్మార్ట్ సూచనలలో ఒక్కటీ కనబడలేదు. అదే అధ్యయనం ప్రకారం, ఉపరితల పరీక్షలో మొదటి తప్పు కనబడ్డ డిస్కు ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం, తప్పు లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు. అంటే అంకెలు బాగున్నంత మాత్రాన భరోసా లేదు. అంకెలు పాడైతే మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఆరోగ్యంగా ఉన్న 1 టెరాబైట్ డిస్కు సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున చదివితే సుమారు మూడు గంటల్లో మొత్తం కాపీ అవుతుంది. ఈ డిస్కు మొదటి దశ రాత్రి వేళకు ముగిసింది. ఆ దశలోనే అత్యధిక భాగం వచ్చేసింది. గీరి తీసే దశకు మాత్రం రోజులు పట్టింది. మొదటిసారి నడిపేటప్పుడు మైనస్ ఎన్ అనే ఆప్షన్ ఇచ్చి ఆ గీకుడును వాయిదా వేయడం నా అలవాటు. మంచి భాగమంతా చేతికొచ్చాక, యజమానిని అడిగి, మిగిలినదాని కోసం డిస్కును శ్రమ పెట్టాలా వద్దా అన్నది నిర్ణయిస్తాను. ఆ రోజుల్లో డిస్కు పక్కన చిన్న టేబుల్ ఫ్యాన్ పెట్టాను. లాప్‌టాప్ డిస్కులకు పైపరిమితి సాధారణంగా 60 డిగ్రీలు. విశాఖ మే నెలలో, ఏసీ లేని గదిలో, ఆగకుండా పనిచేసే డిస్కు ఆ దిశగా త్వరగానే వెళ్తుంది.

చివరికి కొంచెం భాగం రాలేదు. అది ఏ ఫైళ్లలో పడిందో తెలుసుకునే వీలు కూడా డీడీరెస్క్యూలోనే ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఇమేజ్‌కు ఇంకొక కాపీ తీసుకుని, దానిలో రాని సెక్టార్లను ఫిల్ మోడ్‌తో ఒక గుర్తుపదంతో నింపి, ఫైళ్లలో ఆ పదం కోసం వెతికితే దెబ్బతిన్న ఫైళ్ల జాబితా వచ్చేస్తుంది. ఆ జాబితాలో కొన్ని రికార్డింగులే ఉన్నాయి, వాటిలోనూ నష్టం అక్కడక్కడా చిన్న ఖాళీలకే పరిమితమైంది. ఏది పూర్తిగా ఉంది, ఏది మళ్లీ రికార్డు చేయాలి అన్నది ఆమెకు రాతపూర్వకంగా ఇవ్వగలగడం, ఫైళ్లు తిరిగి ఇవ్వడమంత తృప్తిని కలిగించింది.

ఇమేజ్ తీశాక ఫైళ్లను బయటికి తీసే పని టెస్ట్‌డిస్క్‌ది, ఫోటోరెక్‌ది. పార్టిషన్ పట్టిక (డిస్కు విభాగాల జాబితా) పోయినా, విండోస్ వాడే ఫైల్ సిస్టం ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్ (విభాగం మొదట్లో దాని వివరాలుండే సెక్టార్) పోయినా టెస్ట్‌డిస్క్‌తో తిరిగి నిలబెట్టవచ్చు. ఎన్‌టీఎఫ్‌ఎస్ బూట్ సెక్టార్‌కు పార్టిషన్ చివరన ఒక ప్రతి ఉంటుంది. ఫోటోరెక్‌ను ఆఖరి ఆశ్రయంగానే వాడాలి. అది ఫైళ్లను వాటి లోపలి రూపాన్ని బట్టి గుర్తిస్తుంది కనుక పేర్లు, ఫోల్డర్లు మిగలవు. వేల ఫోటోలు అంకెల పేర్లతో వచ్చిపడితే వాటిని సర్దుకోవడం ఇంటివారికి నెలల పని అవుతుంది.

లోపాలు చెప్పకపోతే ఈ సమీక్ష అసంపూర్ణం. డీడీరెస్క్యూకు బొమ్మల తెర లేదు, అంతా కమాండ్‌తోనే నడవాలి. ఎక్కడి నుంచి చదవాలి, ఎక్కడికి రాయాలి అన్న రెండు పేర్లు తారుమారైతే, కాపాడవలసిన డిస్కు మీద ఖాళీ డిస్కు వచ్చి కూర్చుంటుంది. డిస్కు మీద నంబరు చూసి, తెర మీది సీరియల్ నంబరుతో సరిపోల్చి, పక్కవారి చేత కూడా చదివించనిదే నేను ఎంటర్ నొక్కను. రెండోది, దీనికి ఫైళ్ల గురించి ఏమీ తెలియదు. సగం ఖాళీగా ఉన్న డిస్కులో ఆ ఖాళీని కూడా అంతే శ్రద్ధగా చదువుతుంది. డీడీఆర్‌యుటిలిటీ అనే తోడు ప్రోగ్రాంతో వాడుకలో ఉన్న భాగాన్నే చదివించవచ్చు కానీ అది కొత్తవారికి సులువు కాదు. ప్యాకేజీ పేరు దగ్గర కూడా కాస్త జాగ్రత్త అవసరం. డెబియన్, ఉబుంటులలో దీన్ని జీడీడీరెస్క్యూ పేరుతో వెతకాలి, దాదాపు ఇదే పేరున్న మరొక పాత ప్రోగ్రాం వేరు.

ఇంకొక ముఖ్యమైన పరిమితి ఉంది. డిస్కులో ఒక హెడ్ పూర్తిగా చచ్చిపోతే డీడీరెస్క్యూ చేయగలిగింది చాలా తక్కువ. ప్రయోగశాలలలో వాడే పీసీ-3000 వంటి పరికరాలు చెడిన హెడ్‌ను పక్కనపెట్టి మిగిలినవాటితో చదవగలవు. మనం వాడేది ఏ ప్రోగ్రాం అయినా ఆ స్థాయి అధికారం దానికి ఉండదు. టిక్ టిక్‌మని లయగా కొట్టుకునే డిస్కును, తిరగకుండా సన్నగా కూతపెట్టే డిస్కును నేను ముట్టుకోను, వెంటనే ఆపేయమని చెబుతాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన తర్వాత నీళ్లు చేరిన లాప్‌టాప్‌లు చాలామంది పట్టుకొచ్చారు. లాప్‌టాప్ డిస్కులకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది కనుక, మునిగిన డిస్కును ఎండబెట్టి ఆన్ చేయడం అంటే లోపలి మరకల మీద హెడ్లను పరుగెత్తించడమే. డిస్కును ఫ్రీజర్‌లో పెట్టమనే చిట్కా కూడా ఈ ఊరికి బొత్తిగా పనికిరాదు. మన సముద్రపు గాలిలోని తేమ, బయటికి తీసిన మరుక్షణమే చల్లని పళ్లేల మీద చెమ్మగా దిగుతుంది.

ఇక డిస్కును బాగుచేయడం సంగతి. డేటా భద్రంగా చేతికొచ్చాక, డిస్కు మొత్తం సున్నాలతో నింపితే, అనుమానంలో ఉన్న సెక్టార్లను డిస్కు అప్పుడు పరీక్షించి, చెడ్డవాటికి బదులు తన దగ్గరున్న నిల్వ సెక్టార్లను కేటాయిస్తుంది. 197 సున్నాకు దిగుతుంది, 5 పెరగవచ్చు. ఇలా శుభ్రపడిన డిస్కులు కొన్ని ల్యాబ్‌లో తాత్కాలిక పనులకు చాలాకాలం ఉపయోగపడ్డాయి, కొన్నింటిలో చెడ్డ సెక్టార్లు మళ్లీ మొలిచాయి. ఏది ఏ కోవలోకి వస్తుందో ముందుగా చెప్పే మార్గం నాకు కనబడలేదు కాబట్టి, బాగుపడిన డిస్కును ఎవరి లాప్‌టాప్‌లోనూ తిరిగి బిగించను, దాని స్థానంలో తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేస్తాను. తీరప్రాంతంలో వాడిన పాత డిస్కులలో బోర్డు విప్పితే లోపలి స్పర్శ బిందువులు నల్లబడి కనిపించడం నేను చూశాను. మెత్తని రబ్బరుతో సున్నితంగా తుడిచాక వాటిలో కొన్ని మళ్లీ చక్కగా చదివాయి. బోర్డే కాలిపోతే మాత్రం అదే మోడల్ బోర్డు కొనితెచ్చి బిగిస్తే సరిపోదు. ఆ డిస్కుకు మాత్రమే చెందిన సమాచారమున్న రోమ్ (ROM) చిప్‌ను, అంటే చదవడానికి మాత్రమే వీలైన చిన్న చిప్‌ను, పాత బోర్డు నుంచి కొత్తదానికి మార్చి టంకం వేయవలసి ఉంటుంది.

కొత్త లాప్‌టాప్‌లు తెచ్చేవారిని నేను ఇప్పుడు ముందుగా అడిగేది బిట్‌లాకర్ గురించి, అంటే డిస్కులోని డేటాను గుప్తీకరించే విండోస్ సదుపాయం గురించి. ఇమేజ్ నూటికి నూరు శాతం వచ్చినా, 48 అంకెల రికవరీ కీ లేకపోతే అందులో ఒక్క ఫోటో కూడా తెరుచుకోదు. చాలామందికి ఆ కీ ఉందన్న సంగతే తెలియదు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో వెతికితే తరచుగా దొరుకుతుంది. ఎస్ఎస్‌డీలలో చెరిపేసిన ఫైళ్ల విషయంలో ట్రిమ్ (చెరిపేసిన చోట్లను ఎస్ఎస్‌డీ ఖాళీ చేసుకునే ఏర్పాటు) అమలయ్యాక ఈ ప్రోగ్రాములేవీ ఆదుకోలేవు.

ప్రయోగశాలకు పంపక తప్పని డిస్కును ఇంకొక్కసారి ఆన్ చేసి చూడకుండా యాంటీస్టాటిక్ కవరులో పెట్టి, చుట్టూ మందమైన ఫోమ్ వేసి, గట్టి పెట్టెలో పంపండి. డిస్కు కింద పడిందా, నీళ్లు చేరాయా, ఏ శబ్దం చేసింది, అంతవరకు దాని మీద ఏ ప్రోగ్రాం నడిపారు అన్నవి ఒక కాగితం మీద రాసి జతచేయండి. అక్కడివారు డిస్కును పరీక్షించే తీరు ఆ వివరాలను బట్టే ఉంటుంది.